ఆఫీసరు జోళ్లు విప్పిన ముక్క

యోహాను సినిమా పూర్తయి వారమైంది. బుధవారం లోపల అది పట్నంలో జరిగే చిత్రోత్సవానికి చేరాలి. సంస్థ ముద్ర పడితే తప్ప అది గడప దాటదు. ముద్ర మస్తాన్ మాస్టారి దగ్గర ఉంది.

మాస్టారు ఒకప్పుడు డేరా హాళ్లలో సినిమాలు ఆడించినవాడు. డేరాలు పోయాక 'ఊరి తెర' అని చిన్న సంస్థ పెట్టాడు. కష్టజీవుల మీద సినిమా తీస్తామని వచ్చిన పిల్లలకు కెమెరా ఇస్తాడు. పని నేర్పుతాడు. తీసినదాన్ని బండి మీద పెట్టుకుని ఊరూరా తిప్పి చూపిస్తాడు. యోహాను ఆయన దగ్గర చేరి మూడేళ్లు.

సంస్థకు ఒక్కటే కట్టుబాటు. సినిమాలో ఎవరున్నారో వాళ్లే ముందు చూడాలి. వాళ్లు సరే అంటేనే ముద్ర.

"ఈసారికి వదిలెయ్యండి మాస్టారూ" అన్నాడు యోహాను, సోమవారం పొద్దున్నే వచ్చి. "ఉప్పు మడుల ఆడవాళ్లు కాదంటారా? వాళ్ల కష్టమే కదా తీశాను. ఆఫీసులో చూసినవాళ్లంతా ఏడ్చారు."

"ఎవరన్నా నవ్వారా?"

"నవ్వడానికి అందులో ఏముంది? నవ్వొచ్చేవన్నీ ఏరి కోసేశాను. చూసేవాడి కంట నీరు రాకపోతే లోకం ఎట్లా మారుతుంది మాస్టారూ?"

మాస్టారు ప్రొజెక్టరు తుడిచి సంచిలో పెట్టాడు. "బండి తియ్యి" అన్నాడు.

పోవాల్సింది సినిమా తీసిన నక్కలదిబ్బకు. దారిలో గవ్వలపాలెం దగ్గర మాస్టారు బండి ఆపించాడు. అక్కడా ఉప్పు మడులే. అక్కడి ఆడవాళ్లను కూడా సినిమాకు రమ్మని పిలిచాడు.

"వీళ్లెందుకు? వీళ్లు సినిమాలో లేరుగా" అన్నాడు యోహాను.

"పని ఒకటేగా" అన్నాడు మాస్టారు.

నక్కలదిబ్బ ఉప్పు గోదాములో దుప్పటి కట్టి, తలుపులు మూసి, మిట్టమధ్యాహ్నాన్ని చీకటి చేశారు. గుమ్మం ముందు నక్కలదిబ్బ ఆడవాళ్ల రబ్బరు బూట్లు వరసగా ఉన్నాయి. గవ్వలపాలెం వాళ్లకు విప్పడానికి బూట్లే లేవు. కొందరు పాత ట్యూబు ముక్కలు పాదాలకు తాళ్లతో కట్టుకుని వచ్చారు.

సినిమా మొదలైంది. పగిలిన పాదాలు. తట్టలు మోస్తూ వరసగా నడిచే ఆడవాళ్లు. వెనక సన్నగా పిల్లనగోవి. చూస్తున్న ఆడవాళ్లు ఊరుకోలేదు.

"ఒసేయ్ సామ్రాజ్యం, ఆ కోక నాది కదే!"

"రెండు రోజులు కట్టుకుని ఇస్తానంటిని గదా, ఇంకా మర్చిపోలేదా?"

"అవునుగానీ అబ్బాయ్, ఎవరు పోయారని ఆ ఊదుడు?"

యోహాను పళ్లు కొరుక్కున్నాడు.

కానీ సినిమా సాగేకొద్దీ గవ్వలపాలెం వాళ్లు నెమ్మదించారు. అయిపోయేసరికి కోటమ్మ అనే ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "అయ్యో పాపం. మన బతుకులూ ఇంతేనమ్మా" అని లేచింది. "పదండి, పొద్దు వాలేలోగా ఉప్పు లాగాలి."

"చూశారా మాస్టారూ, ఏడ్చారు" అని గుసగుసలాడాడు యోహాను.

"ఆఁ. వెళ్లిపోతున్నారు కూడా."

అప్పుడు నక్కలదిబ్బ సామ్రాజ్యం లేచి తెర ముందుకు వచ్చింది. "ఆగండాగండి! అదేమయ్యా యోహానూ, మా బూట్లు ఏవి? ఆఫీసరు జోళ్లు విప్పిన ముక్క ఏది? ఆ రోజు నువ్వు తియ్యబోయి మడిలో కూడా పడ్డావుగా!"

"తీశాను పిన్నీ. తర్వాత కోసేశాను."

"ఎందుకు?"

"జనం నవ్వుతారని."

"మేమూ నవ్వాం కదయ్యా!"

మాస్టారు ప్రొజెక్టరుకు బొమ్మ అందించే తీగ లాగేశాడు. తెర తెల్లబడింది. ప్రొజెక్టరును కొంచెం పక్కకు జరిపాడు. ఆ వెలుగంతా సామ్రాజ్యం మీద పడింది.

సామ్రాజ్యం కోక ఎగదోపి, పొట్ట ముందుకు పెట్టి ఆఫీసరైపోయింది. "'అలవాటైన కాళ్లు, మీకు బూట్లెందుకమ్మా' అన్నాడు. 'సరే బాబూ, ఆ జోళ్లు విప్పి ఈ ఉప్పు మడిలో ఈ గట్టు నుంచి ఆ గట్టుకు పది అడుగులు వెయ్యండి. వేశారంటే మా అర్జీ మేమే చించేస్తాం' అన్నాం. అరవై మందిమి చుట్టూ నిలబడ్డాం. విప్పక ఏం చేస్తాడు? ఒకటో అడుగు, బానే ఉన్నాడు. రెండు, మొహం మారింది. మూడో అడుగుకు ఇదిగో, ఇట్లా!"

ఒంటికాలి మీద కొంగలా నిలబడింది.

"నాలుగో అడుగుకు, 'అర్జీ ఎక్కడుందమ్మా' అన్నాడు!"

గోదాము దద్దరిల్లింది. తలుపు దాకా పోయిన కోటమ్మ వెనక్కి వచ్చి కూర్చుంది.

"అర్జీలో ఏం రాశారు?"

"ఎవరు రాశారు?"

"మా ఆఫీసరు ఇంకా లావు. రెండో అడుగుకే కూలబడతాడు!"

"అయితే పట్టుకోడానికి ఇద్దర్ని పెట్టుకోండే!"

గవ్వలపాలెం వాళ్లు ఇంకెవరూ లేవలేదు. సామ్రాజ్యం చుట్టూ చేరి అర్జీ మాటలు ఒక్కొక్కటే చెప్పించుకుంటున్నారు. కోటమ్మ యోహాను వైపు తిరిగింది. "అబ్బాయ్, ఆ ముక్క కలిపి మా ఊళ్లో ఎప్పుడు ఆడిస్తావు? మా మిగతా వాళ్లు కూడా చూడాలి."

యోహాను వేళ్ల మీద రోజులు లెక్కపెట్టుకున్నాడు. "శుక్రవారం అమ్మా" అన్నాడు.

"పట్నం గడువు బుధవారం" అన్నాడు మాస్టారు.

"తెలుసు మాస్టారూ."

అటు ఇంకెవరో రెండో కొంగలా ఒంటికాలి మీద నిలబడ్డారు. మళ్లీ నవ్వులు. యోహాను గబగబా సంచిలోంచి కెమెరా తీసి కంటికి ఎత్తుకున్నాడు.

మాస్టారు కెమెరా అద్దానికి అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"ముందు నువ్వు నవ్వు" అన్నాడు.