ఏడో అంతస్తులో నీలి కొలను

అనగా అనగా ఒక అడవి ఉండేది. అక్కడి చెట్లు ఎంత ఎత్తంటే, చిటారుకొమ్మ మీంచి దూకిన కోతిపిల్ల నేల మీద పడేసరికి ముసలిదైపోయేది. ఆ అడవి నడిమధ్యన ఒక మహానగరం. నగరమంటే ఏడంతస్తుల రాతికొండ. అంతస్తుకి వెయ్యి గుహలు.

ఒక ఏడాది చుట్టుపక్కల చెరువులన్నీ ఎండిపోయాయి. నీటిపక్షులన్నీ నగరం మీద పడ్డాయి. ఇల్లు దొరకడం ఎంత కష్టమైందంటే, దోమ వచ్చి ఆకు చివర కాస్త చోటు అడిగినా ముత్తాత పేరు చెప్పమనేవారు.

అలా వచ్చినవాళ్ళలో పైడమ్మ అనే అడవిబాతు ఉంది. వీపు మీద కూతురు నూకాలు. నూకాలుకి ఇంకా రెక్కలు రాలేదు, ఒళ్ళంతా పసుపు నూగే. నీళ్ళు లేకపోతే ఆ పిల్ల బతకదు. అందుకని పైడమ్మ నీళ్ళున్న ఇల్లు వెతుకుతోంది.

ఆ నగరంలో పక్షులు అద్దె ఈకల్లో కట్టేవి. వాటంతట అవి రాలిన ఈకలు మాత్రమే. పీకి ఇమ్మని అడగడం అక్కడ ఆచారం కాదు.

ఇళ్ళు చూపించే కాకి పైడమ్మకి మూడు చోట్లు చూపించింది. మొదటిది రాతిలో నెర్రె. అందులో ఒత్తిగిల్లాలంటే బయటికొచ్చి, తిరిగి మళ్ళీ లోపలికెళ్ళాలి. నీటిచుక్క లేదు.

రెండోది కొండ కింద తాబేలు తాత బురదగుంట. నెలకి రాలిన ఈక ఒకటి ఇస్తే చాలన్నాడు.

"బురదే గానీ, ఎండదమ్మా," అన్నాడు తాత.

పైడమ్మ మెడ తిప్పుకుంది. "మా నూకాలు బురదలో ఈదాలా తాతా? రేపు దాన్ని నలుగురూ బురదబాతు అంటారు."

మూడోది ఏడో అంతస్తు. అక్కడ నిజంగానే కొలను ఉంది. ఎంత నీలంగా ఉందంటే, ఆకాశమే అందులో మొహం చూసుకుని సిగ్గుపడేది. ఆ ఇంటికి మెట్లు లేవు. నిలువురాయి ఎక్కగల గోళ్ళయినా ఉండాలి, రెక్కలయినా ఉండాలి.

ఇంటాయన భూపతి అనే అడవిపిల్లి. ఈకల పరుపు మీద పడుకుని ఉన్నాడు. తెల్లవి, పచ్చవి, నీలివి, ఎన్ని రంగులో.

"ఎంత మంచి పరుపండీ," అంది పైడమ్మ.

"పాత అద్దెవాళ్ళ అభిమానం," అన్నాడు భూపతి. "అద్దె ఒక్క ఈకేనమ్మా. కొలనుకి మెయింటెనెన్స్ వేరే. అది నెలని బట్టి ఉంటుంది."

ఎంతని పైడమ్మ అడగలేదు. కిందికొచ్చి సంబరంగా చెబితే, పాత అద్దెవాళ్ళు ఎక్కడున్నారో కనుక్కున్నావా అని తాబేలు తాత అడిగాడు. ఇంతకంటే మంచి ఇంటికే వెళ్ళుంటారులే అని నవ్వేసింది.

మొదటి నెల హాయిగా గడిచింది. నూకాలు ఈదుతుంటే చూడ్డానికి మేఘాలు వరస కట్టి నిలబడేవి. నెలాఖరుకి భూపతి వచ్చాడు. పాచి తీయించాలి, రొమ్ము ఈకలు కావాలన్నాడు. అవి రాలలేదండీ అంది పైడమ్మ. రాలేదాకా పాచి ఆగుతుందా అన్నాడు. ఆమె కళ్ళు మూసుకుని పీకి ఇచ్చింది.

రెండో నెల రెక్క ఈకలు అడిగాడు. కుడివైపువి, ఎడమవైపువి, అన్నీ. పైడమ్మ నూకాలు వంక చూసింది. పిల్ల నీళ్ళలో మునిగి లేస్తోంది. వానలు పడేలోగా మళ్ళీ మొలుస్తాయిలే అనుకుని అవీ ఇచ్చేసింది. ఆ రాత్రంతా నొప్పితో ముక్కు రెక్కలో దాచుకుందామంటే, దాచుకోడానికి రెక్కలో ఏమీ లేదు.

మూడో నెలకి కొలను అరచేతి వెడల్పు మిగిలింది. ఎండకి కొండే పెనంలా కాలిపోతోంది. భూపతి వచ్చి పైడమ్మని పైనించి కిందిదాకా చూశాడు.

"నీ దగ్గర ఇక పనికొచ్చే ఈకలేం లేవు కదమ్మా. అమ్మాయికి కొత్త రెక్కలు బాగా వచ్చాయి. ఈ నెలకి అవి ఇప్పించు."

పైడమ్మ చూపు అతని పరుపు మీద పడింది. ఇన్నాళ్ళూ రంగులే చూసింది. ఇప్పుడు మొదళ్ళు చూసింది. ఒక్కటీ రాలిన ఈక కాదు. ప్రతి ఈక మొదలుకీ ఎండిన నెత్తురు.

"పిల్లకి నచ్చజెప్పి ఇప్పిస్తానండీ," అంది నెమ్మదిగా.

నూకాలుని కొండ అంచుకి తీసుకెళ్ళి చెవిలో చెప్పింది. "కింద తాబేలు తాత గుంట కనిపిస్తోందా? దూకి, రెక్కలు చాపు. వెనక్కి చూడకు."

"మరి నువ్వో అమ్మా?"

"నేను మెయింటెనెన్స్ కట్టి వస్తాను."

నూకాలు దూకింది. రాయిలా పడింది, పడింది, సగం దారిలో రెక్కలు గాలిని పట్టుకున్నాయి. భూపతి అంచుకి ఉరికాడు. బోసి రెక్కలు రెండూ చాపి పైడమ్మ అతనికి అడ్డంగా నిలబడింది. నూకాలు వెనక్కి చూడలేదు, అమ్మ చూడొద్దంది కనక.

మర్నాడు పొద్దున్నే ఏడో అంతస్తుకి బోర్డు వేలాడింది. 'కొలనుతో ఇల్లు అద్దెకివ్వబడును.' పరుపు ఇంకాస్త ఎత్తయింది.

నూకాలు బురదగుంటలోనే పెద్దదైంది. అందరూ దాన్ని బురదబాతనే అంటారు. అది పలుకుతుంది. పైనున్న ఇల్లు చవకటగా అని ఏ పక్షి వచ్చి అడిగినా, నూకాలు అద్దె సంగతి మాట్లాడదు.

"పాతవాళ్ళు ఎక్కడున్నారో అడిగి రండి," అంటుంది.

నీతి: విడిచి వెళ్ళగలిగే రెక్కలనే అద్దెగా అడిగే ఇల్లు, ఎంత చవకైనా, ఎంత అందమైనా, చేరదగ్గ ఇల్లు కాదు.