ఇరవై నాలుగు గంపల జింక

ఎండాకాలం ముదిరితే ఆ అడవిలో ఏరు మొత్తం ఇసుకైపోతుంది. మిగిలేది కొండ కింద ఒక్క మడుగు. ఏటికి ఇవతలి మందకీ, అవతలి మందకీ అదే దిక్కు. పొద్దున్నే తాగినవాళ్ళకి నీళ్ళు. సాయంత్రం తాగినవాళ్ళకి బురద.

ఒకప్పుడు ఎవరు ముందు తాగాలని కొమ్ములతో కుమ్ముకునేవాళ్ళు. ఆ చావులు చూడలేక ఏనుగు పెద్దాయన ఒక కట్టుబాటు పెట్టాడు. ఎండిన ఏట్లో బంతి ఆట. అటు ఏడుగురు, ఇటు ఏడుగురు. గెలిచిన మందకి ఆ ఎండాకాలమంతా పొద్దుటి నీళ్ళు. ఆటగాళ్ళ మేతకని ఒక్కో జట్టుకి నలభై గంపల ఉలవలు పెద్దాయనే కొలిచి ఇస్తాడు. నలభై మీద ఒక్క గింజ లేదు. అందులోంచి ఎవరికెంత ఇచ్చుకోవాలో జట్టు పెద్ద చూసుకోవాలి.

ఇవతలి జట్టుకి పెద్ద కరియమ్మ, అడవి గేదె. అవతలి జట్టుకి పెద్ద వీరేశం నక్క.

పోయినేడు కరియమ్మ ఒక పొరపాటు చేసింది. చుక్కన్న అని ఒక జింక ఉన్నాడు. బంతి వాడి కాలికి అందిందంటే గోలే. వాడొక్కడికే ఇరవై ఐదు గంపలు ఇచ్చేసి, మిగతా ఆరుగురికి పదిహేను సర్దింది. చుక్కన్న మూడు గోల్స్ కొట్టాడు. కానీ ఆట చివరికొచ్చేసరికి మిగతావాళ్ళకి కాళ్ళు తేలిపోయాయి. అవతలివాళ్ళు వరసగా నాలుగు కొట్టారు.

ఆ ఎండాకాలమంతా బురదే. అది తాగి కరియమ్మ పెద్ద దూడ మీగడ పడుకుంది. మళ్ళీ లేవలేదు.

ఇప్పుడు చిన్నది ఉంది, జున్ను. రెండు రోజులుగా దగ్గుతోంది.

చుక్కన్నతో ఒప్పందం ఏడాదికే. ఈ ఏడు వాడికి మళ్ళీ వేలం పాట. ఆ రోజు పొద్దున గోలు కాచే లింగన్న ఎలుగు కరియమ్మ దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"కరియక్కా, దాచడం ఎందుకు. వీరేశం నాకు ఐదు గంపలిస్తానన్నాడు."

"నువ్వేమన్నావు?"

"అక్కని అడిగి చెప్తానన్నాను. పోయినేడు రెండున్నరతో ఆడాను. మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతోంది."

"ఆ ఐదూ నేనే ఇస్తాను."

"చుక్కన్నని పాడుకున్నాక ఏం మిగులుతుందో నాకు తెలీదా అక్కా? మాటలతో కడుపు నిండదు. పాట అయ్యేదాకా చూస్తాను. ఆ తర్వాత నన్నేమీ అనుకోవద్దు."

లింగన్నకి ఐదు. మిగతా ఐదుగురికి తలా మూడు. మూడుకి తగ్గితే ఎవరూ ఆట చివరిదాకా పరిగెత్తలేరు, అది పోయినేడే తెలిసింది. అంటే చుక్కన్నకి ఇరవై. ఇరవై దాటితే లింగన్న పోతాడు. ఇంకా దాటితే అందరూ పోతారు.

మరి వీరేశం? వాడికీ నలభయ్యే. వాడికీ ఆరు కడుపులున్నాయి. ఇరవై రెండు దాటాడంటే వాడికీ అంతే.

పక్కనే పడుకుని వింటున్న గంటయ్య, అడవిపంది, ముట్టె ఎత్తాడు. "జింక లేకపోతే గోలు ఎవరు కొడతారు? నేనా?" అని పకపకా నవ్వాడు.

"నువ్వే" అంది కరియమ్మ.

గంటయ్య నవ్వు ఆగిపోయింది.

ఏట్లో రెండు మందలూ చేరాయి. పెద్దాయన ఎదుట కాలు నేలకి కొట్టి పాడిన పాటని వెనక్కి తీసుకోకూడదు. చుక్కన్న మధ్యలో నిలబడి మెడ తిప్పుతున్నాడు.

"పదిహేను" అన్నాడు వీరేశం, కాలు కొట్టి.

"పదహారు" అంది కరియమ్మ.

"పద్దెనిమిది."

"పందొమ్మిది."

"ఇరవై. ఏం కరియమ్మా, ఇవాళ గొంతు పొడిబారింది? నీళ్ళు లేవా?"

అవతలి మంద గొల్లున నవ్వింది. కరియమ్మ జున్ను వైపు చూసింది. దగ్గు.

"ఇరవై ఒకటి."

లింగన్న ఎలుగు నేల చూపులు చూశాడు. ఇరవై దాటింది.

"ఇరవై రెండు" అన్నాడు వీరేశం. తోక ఊగుతోంది. వాడి లెక్క వాడికుంది. పోయినేడు ఇరవై ఐదుకి ఎక్కింది ఈ గేదె. ఈసారీ ఎక్కుతుంది. అక్కడిదాకా ఎక్కించి నిచ్చెన తీసేయాలి.

కరియమ్మ గిట్ట ఎత్తింది. ఎత్తిన గిట్ట గాల్లోనే ఆగింది. ఇది కొట్టాక వీరేశం నోరు మూసుకున్నాడో, జింక తన మెడకే చుట్టుకుంటుంది. లింగన్న సాయంత్రానికి అవతల ఉంటాడు. మిగతావాళ్ళు అర్ధాకలితో ఆడతారు. ఆ తర్వాత బురద. ఆ తర్వాత...

కొట్టింది.

"ఇరవై మూడు."

వీరేశం వెంటనే పాడలేదు.

"ఇరవై మూడు, ఒకటోసారి" అన్నాడు పెద్దాయన.

వీరేశం కరియమ్మ చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు. ఆమె ముందుకాళ్ళు వణుకుతున్నాయి. ఆపుకోవాలని చూసింది. ఆగలేదు.

"ఇరవై మూడు, రెండోసారి."

ఆ వణుకు భయంతో వచ్చింది. వీరేశం మాత్రం దాన్ని ఆశ అనుకున్నాడు. ఇంత ఆశ పెట్టుకున్నది ఇంకొక్క మెట్టు ఎక్కదా?

"ఇరవై నాలుగు!" కాలు దుమ్ము రేగేలా కొట్టాడు. ఆమె చెవి దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "పాడు కరియమ్మా. పెద్దదాన్ని ఎలాగూ పోగొట్టుకున్నావు. ఉన్న ఒక్క బిడ్డ కోసం ఇంకో గంప పెట్టలేవా?"

కరియమ్మ కళ్ళు మూసుకుంది.

"ఇరవై నాలుగు, ఒకటోసారి."

"పాడక్కా!" ఇవతలి మందలో ఎవరో అరిచారు. "జింక పోతోంది! పాడు!"

"ఇరవై నాలుగు, రెండోసారి."

వీరేశం తోక ఆగింది. "ఏమే, వినబడలేదా? ఇరవై ఐదను. నీకది అలవాటేగా!"

కరియమ్మ నోరు తెరిస్తే ఏ మాట జారుతుందోనని దవడలు బిగించుకుంది.

"మూడోసారి. చుక్కన్న వీరేశం జట్టు."

అవతలి మంద గంతులేసింది. గంతులేయనివాడు వీరేశం ఒక్కడే.

"పెద్దాయనా! ఈవిడ నన్ను మోసం చేసింది!"

"ఏమంది?"

"ఏమీ అనలేదు!"

"మరి?"

"అదే పెద్దాయనా, ఏమీ అనలేదు! పాడుతుందనుకున్నాను. పోనీ నాకింకో మూడు గంపలు ఇప్పించండి, సర్దుకుంటాను."

"నలభై అంటే నీకూ నలభయ్యే వీరేశం. చెవులు నాకు పెద్దవే. నువ్వు కొట్టిన కాలు చప్పుడు బాగానే వినబడింది."

అవతలి వైపుకి వెళ్తూ చుక్కన్న చిన్నబుచ్చుకున్న మొహంతో కరియమ్మని అడిగాడు. "నన్ను వదిలేశావేం అత్తా? నేను బాగా ఆడలేదా?"

"బాగా ఆడావు నాయనా. నీ ఆటకి వంక లేదు. నా దగ్గర ఉన్నవే నలభై."

లింగన్న కరియమ్మ ఇచ్చిన ఐదు గంపలూ తీసుకుని ఇంటికెళ్ళాడు. సాయంత్రం లోపల అవతల్నించి ఒక కణుజు, గుర్రమంత దుప్పి, ఏరు దాటొచ్చింది. వీరేశం జట్టులో వెనక అడ్డుగోడలా నిలబడేది అదే. "మా పెద్ద రెండున్నర అంటున్నాడక్కా. నాకు చాలదు" అంది. కరియమ్మ దానికి ఆరిచ్చి ఏడో చోటు నింపింది. మిగిలింది గంటయ్యతో సహా అందరికీ పెంచి పంచేసింది. వీరేశం కణుజు చోట్లో ఒక కుందేలుని నిలబెట్టాడు. కుందేలుకి ఒక్క గంప చాలని వాడి ధైర్యం.

ఆట రోజు వచ్చింది. ఆట మొదలైన కాసేపటికే చుక్కన్న ఒక గోలు కొట్టాడు. లింగన్న దుమ్ము దులుపుకుని లేచేలోపు ఇంకొకటి. కరియమ్మ జున్నుని కడుపు కిందకి లాక్కుని, ఆట వైపు వీపు తిప్పేసింది.

"చూడవేమే అమ్మా?"

"నువ్వు చూసి చెప్పు."

ఎండ నడినెత్తికొచ్చింది. చుక్కన్న ఇంకా పరిగెత్తుతున్నాడు. కానీ వాడికి బంతి అందించేవాళ్ళు లేరు. వీరేశం జట్టు ఒక్కొక్కరూ ఎక్కడివాళ్ళక్కడ నాలుక వేలాడేసుకుని నిలబడిపోయారు. కణుజు బంతిని తెచ్చి తన్నింది. ఒకటి. మళ్ళీ తెచ్చింది. రెండు.

"అమ్మా, గంటయ్య మామ దగ్గరికి వచ్చింది బంతి!"

కరియమ్మ ఇంకా తిరగలేదు.

"ముట్టెతో నెట్టుకుంటూ పోతున్నాడే! కుందేలు పక్కకి దూకేసింది! గోలు!"

అప్పుడు తిరిగింది కరియమ్మ. గంటయ్య తనే నమ్మలేక గోలు మధ్యలోనే కూర్చుండిపోయాడు.

మర్నాడు పొద్దున్నే ఇవతలి మంద మడుగు దగ్గరికి వెళ్ళింది. కరియమ్మ ముందు నీళ్ళ వాసన చూసింది. మళ్ళీ చూసింది. ఆ తర్వాతే జున్నుని తాగమంది. తాగుతున్నంతసేపూ గుటకలు లెక్కపెట్టుకుంది.

మిగతా గేదెలు దిగి పొర్లబోయాయి.

"దిగకండి" అంది కరియమ్మ. "సాయంత్రం వచ్చేవాళ్ళకీ పిల్లలున్నారు."

సాయంత్రం వీరేశం తన నలుగురు పిల్లల్ని వెంటబెట్టుకుని, మొహం తిప్పుకుంటూ వచ్చాడు. బురద ఉంటుందనుకున్నాడు. నీళ్ళు తేటగా ఉన్నాయి. గట్టున నిలబడి, పిల్లలు తాగడం చాలాసేపు చూశాడు.

చేతిలో ఉన్నది కొంచెమే అయినప్పుడు, ఏది కావాలో తెలిసినవాళ్ళ కంటే ఎక్కడ ఆగాలో తెలిసినవాళ్ళే ఇంటిల్లిపాదినీ ఒడ్డుకి చేరుస్తారు.