కుంచెడు గింజలు

రాజుగారి గుర్రాలకు మేత చాలడం లేదని దళవాయి భైరవరాయుడు గుట్టకిందపల్లె చేలన్నీ బీడు పెట్టమన్నాడు. ఆ సీమలో నేలను విత్తనంతో కొలుస్తారు. అందుకని, "ఇంటికి కుంచెడు గింజలు పట్టే నేల ఉంచుకోండి" అన్నాడు, దయతలచినట్టు. ఊరంతా వేసేది శనగే. కుంచెడు శనగలు కళ్లమంత నేలకే సరి.

దళవాయి దగ్గరుండి కొలిపించిన మొదటి చేను ఓబులమ్మది. ఆవిడ కుంచంతో నువ్వులు తెచ్చింది. గుప్పెడు నువ్వులకు నాలుగు గుప్పెళ్ల ఇసుక కలిపి చల్లుకుంటూ సాగింది. వెంట నడిచీ నడిచీ దళవాయికి కాళ్లు పీకాయి.

"శనగలు కదా వేస్తారు?" అన్నాడు.

"ఏటా శనగే వేస్తే నేల అలిసిపోయింది దొరా. ఈ ఏడు మార్చాలి."

"మరి ఆ ఇసుకెందుకు?"

"ఒత్తుగా పడితే నువ్వు ఎదగదు. ఎవరైనా ఇలాగే చల్లుతారు."

పొద్దు వాలేసరికి చేను చివరికి వచ్చారు. గట్టు అవతల దళవాయిగారి సొంత మామిడితోట. ఓబులమ్మ కుంచంలోకి తొంగిచూసింది.

"నా నేల అయిపోయింది. గింజలింకా సగమున్నాయి. గట్టు దాటమంటారా దొరా?"

మర్నాటి నుంచి గుర్రాలు ఏటి ఒడ్డున మేశాయి. మిగిలిన నువ్వులతో ఓబులమ్మ చిమ్మిలి దంచి ఊరందరికీ పంచింది.