పూర్వాశ్రమం

తిరుపాలుకు కాషాయం ఇచ్చే రోజు దగ్గరపడింది. మఠంలో అతనికి కాలు నేల మీద ఆనడం లేదు. సరిగ్గా అప్పుడే వాళ్ళ బావ వచ్చాడు, ముసురులో తడుచుకుంటూ.

"మీ అక్క మంచం పట్టింది. నిన్ను ఒక్కసారి చూడాలంటోంది," అన్నాడు. తల్లి పోయాక తిరుపాలును చంకనేసుకుని పెంచింది ఆ అక్కే. లేవలేకపోయినా దగ్గరుండి దంచించి, ఓ చిన్న సీసాలో కరివేపాకు పొడి కూడా పంపింది.

"అదంతా పూర్వాశ్రమం బావా. ఆ తిరుపాలు ఇప్పుడు లేడనుకో."

మాట నేర్చినవాడు కదా, ఎంత తేలిగ్గా అనేశాడో చూడండి. సీసా ముట్టుకోనైనా లేదు. బావ దాన్ని అరుగు మీద పెట్టి, మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

గురువు సిద్ధప్పస్వామి అంతా విన్నారు. సీసా తీసి లోపల పెట్టారు.

పెరట్లో కరివేపాకు మొక్కకు గొంగళిపురుగు గూడు ఒకటి వేలాడుతోంది. తిరుపాలు రోజూ దాన్ని చూస్తూనే ఉన్నాడు. మర్నాడు ఆ గూడు చిట్లింది. నల్లటి సీతాకోకచిలుక బయటికొచ్చి, రెక్కలు ఆరేదాకా ఆగి, ఎగిరిపోయింది.

"చూశారా స్వామీ, వెనక్కి తిరిగైనా చూడలేదు," అన్నాడు తిరుపాలు, తన గురించే చెప్పుకుంటున్నట్టు.

"చూస్తూ ఉండు," అన్నారు స్వామి.

ముసురు వదల్లేదు. తిరుపాలుకు ఎందుకో మనసు మనసులో లేదు. ఒకరోజు చారులోకి కరివేపాకు కోయబోతే, అలాంటి నల్ల సీతాకోకచిలుకే వచ్చి మొక్క చుట్టూ తిరిగింది. మొక్కకు పూలేమీ లేవు. లేతాకును కాళ్ళతో తడిమి, ఒళ్ళు వంచి, గుడ్డు పెట్టి పోయింది.

"తాగేది తేనె కదా స్వామీ. దీనికి ఇంకా ఈ ఆకుతో ఏం పని?"

మధ్యాహ్నం పంక్తిలో స్వామి అతని విస్తట్లో అన్నం మీద అక్క పంపిన పొడి వేశారు. తిరుపాలు ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. రెండోది కలపలేకపోయాడు. చెయ్యి కడుక్కోకుండానే లేచి వానలోకి నడిచాడు.

అతను అక్క ఊరు చేరేసరికి చూరు కింద నిప్పు పొగలేస్తోంది. బావ తల ఎత్తలేదు.

"పొద్దుటిదాకా గుమ్మం వైపే చూసింది," అన్నాడు.

కర్మలన్నీ అయ్యాక తిరుపాలు మఠానికి తిరిగొచ్చి స్వామి ముందు కూర్చున్నాడు.

"నాకు కాషాయం వద్దు స్వామీ. నేను తగను."

స్వామి లోపలికి వెళ్ళి, సీసా తెచ్చి అతని చేతిలో పెట్టారు.

"ఇంకా కొంచెం ఉంది," అన్నారు.