చెలమ దగ్గర తెల్లరాయి, నల్లరాయి

అనగనగా ఒక ఎండాకాలం. వాగులన్నీ ఎండిపోయి, అడవంతటికీ ఇసుకలో ఊరే చెలమ ఒక్కటే మిగిలింది. గుక్కెడు నీళ్ళ కోసం జంతువులన్నీ సాయంత్రానికి అక్కడ చేరేవి.

వాటి కోసం చిరుత నాలుగు రోజులకోసారి వచ్చేది. దుమ్ములగొండి ఆరు రోజులకోసారి వచ్చేది. చిరుత వస్తే చిన్న జంతువులు బొరియల్లో దూరేవి. దుమ్ములగొండి వస్తే బండ ఎక్కేవి. అది బొరియలు తవ్వుతుంది కానీ బండ ఎక్కలేదు. మరి రెండూ ఒకేసారి వస్తే? అయ్యో, బొరియా లేదు, బండా లేదు!

ఒక సాయంత్రం అదే జరిగింది, రెండూ కలిసి వచ్చాయి. బెదురి అనే చెవులపిల్లికి ఉన్న మూడు పిల్లల్లో ఒకటి పోయింది.

మర్నాటి నుంచి బెదురికి కాలు నిలవలేదు. "మళ్ళీ ఎప్పుడు? మళ్ళీ ఎప్పుడు?" అంటూ అటు గెంతేది, ఇటు గెంతేది.

ఎలుగుబంటిని అడిగింది. "పోవే పిచ్చిమొహమా! ఏదో ఒకసారి కలిశాయి, ఇక కలవవులే" అని ఎలుగు ఆవులించింది.

అడవికి పెద్ద అయిన నక్క దగ్గరికి పరుగెత్తింది. నక్క మీసం దువ్వుకుని, "నాలుగార్లు ఇరవై నాలుగు. ఇరవై నాలుగో రోజు దాకా గుర్రుపెట్టి నిద్రపో" అంది. "లెక్కంటే మామదే!" అని అందరూ తలలూపారు.

బెదురికి మాత్రం లోపల ఏదో పీకుతూనే ఉంది. ఈసారి ఎవరినీ అడగలేదు. ఆ సాయంత్రం తర్వాత రాబోయే రోజులకు, రోజుకో గీత చొప్పున ఇసుకలో గీసింది. చిరుత వచ్చే గీత మీద తెల్లరాయి, దుమ్ములగొండి వచ్చే గీత మీద నల్లరాయి పెట్టుకుంటూ పోయింది. నాలుగు, తెల్లది. ఆరు, నల్లది. ఎనిమిది, తెల్లది. పన్నెండు... తెల్లదీ పడింది, నల్లదీ పడింది! వెంటనే నక్క దగ్గరికి పరుగెత్తింది.

"పన్నెండో రోజే మామా! ఆ ఒక్కపూట నీళ్ళు మానేసి కొండ దాటిపోదాం!"

"ఈ మండే ఎండల్లో నీళ్ళు మానాలా? రాళ్ళాట ఆడుకునేదానివి, నువ్వా నాకు చెప్పేది?" అని నక్క కసిరింది.

పన్నెండో రోజు బెదురి పిల్లల్ని తోలుకుని కొండ దాటింది. ఒక ముంగిస తప్ప ఎవరూ వెంట రాలేదు. "అమ్మా, దాహం!" అని పిల్లలు ఏడుస్తుంటే, 'లెక్క తప్పానా? ఊరికే ఏడిపిస్తున్నానా?' అని అది కూర్చోలేక నిలబడలేక అల్లాడింది.

ఇంతలో చెలమ వైపు నుంచి చిరుత గర్జన. ఆ వెంటనే దుమ్ములగొండి వికారపు నవ్వు. బెదురి పిల్లల్ని పొట్ట కింద పొదువుకుంది.

తెల్లారి నక్క కుంటుకుంటూ వచ్చింది. తోక లేదు. "మళ్ళీ ఎప్పుడే తల్లీ?" అని నీరసంగా అడిగింది.

బెదురి గీతలు ఇంకా పొడిగించి చూసింది. "ఇరవై నాలుగో రోజు మామా."

"మరి నేను చెప్పిందీ అదేగా!"

"నువ్వు చెప్పింది తప్పు కాదు మామా. దానికంటే ముందు ఇంకోటుంది. నీ తోక అక్కడ పోయింది."

అందుకే పిల్లలూ, లెక్క కుదిరింది కదా అని ఆగిపోకండి. అంతకంటే ముందే కుదిరేది ఉందేమో చూసుకున్నవాళ్ళే గట్టెక్కుతారు.