అరవైమూడు గాట్ల పీట

ఇప్పలకోన అడవిలో కుందేళ్ళు, దుప్పులు, కోతులు, ముంగిసలు, ఒక ముళ్ళపంది ఉండేవి. ముళ్ళపంది పేరు మల్లి. ఒళ్ళంతా ముళ్ళు, పేరేమో మల్లి! అందరూ నవ్వినా మల్లి పట్టించుకునేది కాదు. పట్టు పడితే మాత్రం వదిలేది కాదు.

ఆ అడవికంతటికీ మంత్రసాని భల్లమ్మ అనే ముసలి ఎలుగుబంటి. ఏటా తొలకరి పండుగనాడు ఆమె తన ముక్కాలి పీట మీద కూర్చునేది. ఆ ఏడు పుట్టిన పిల్లలను తల్లులు ఆమె ఒళ్ళో పెట్టేవారు. అవ్వ దీవిస్తేనే పండుగ.

ఈ ఏడు పీట కాలు విరిగింది. అవ్వకు కళ్ళు కూడా పోయాయి.

"చూపు లేనిదాన్ని. ఏ పిల్ల ఎవరిదో కూడా తెలియదు. నాతో ఏం పని? నేను రాను, పొండి," అంటూ గుహలో ముడుచుకుని పడుకుంది. తిండి కూడా మానేసింది.

మల్లి ప్రాణం ఉసూరుమంది. "అవ్వని బయటికి తీసుకురాకపోతే నేను మల్లినే కాదు," అనుకుంది. విరిగిన పీటను ఈడ్చుకుంటూ ఇంటికి తెచ్చుకుంది.

దారిలో గంతులయ్య అనే కోతి చూసి పకపకా నవ్వాడు. "చెదలకు పడేయాల్సినదాన్ని మోసుకుపోతున్నావేంటే! అవ్వకి నేను కొత్త రంగుల సింహాసనం చేస్తున్నా. చూసి మీరంతా నోళ్ళు వెళ్ళబెట్టాలి!"

"అవ్వకి కళ్ళు లేవుగా మామా, ఆ రంగులు ఎవరికి?" అంది మల్లి.

గంతులయ్య వింటేనా! మోదుగపూల రంగులో తుమ్మజిగురు కలిపాడు. పూత ఆరకముందే మీద ఇంకో పూత పూశాడు.

మల్లి ఇసుకతో పీటను రుద్దింది. ఏళ్ళ తరబడి పట్టిన మట్టి లేచింది. కింద వరుసగా గాట్లు కనిపించాయి. పిల్ల పుట్టినప్పుడల్లా అవ్వ గోటితో పీట మీద ఒక గాటు పెట్టేదని అమ్మ చెప్పిన మాట గుర్తొచ్చింది. లెక్కపెడితే అరవైమూడు!

"ఆ గాట్లన్నీ అరగదీసెయ్. అద్దంలా నున్నగా వస్తుంది, గంటలో పని," అన్నాడు అటుగా వచ్చిన గంతులయ్య.

"గంట కాదు, పది రోజులు పట్టనీ. ఒక్క గాటూ పోనివ్వను."

అన్న మాట నిలబెట్టుకుంది. తన ముల్లుతోనే ఒక్కో గాటులో మట్టి తీసింది. గాటుకీ గాటుకీ మధ్య గరుకు ఆకుతో రుద్దింది. చేతులు బొబ్బలెక్కాయి. విరిగిన కాలు రెండుసార్లు అతికించినా నిలవలేదు. మూడోసారి తన ముళ్ళలోకెల్లా లావైనది పీకి, చీలగా దిగ్గొట్టింది. అబ్బ, ఎంత నొప్పో! కాలు మాత్రం కదల్లేదు. చివరగా ఇప్పనూనె పట్టించి, ఎండలో ఆరబెట్టింది.

తొలకరి రానే వచ్చింది. గంతులయ్య గుహ ముందు సింహాసనం పెట్టి, "ఎంత దర్జాగా ఉందో చూడండి!" అని తానే ఎక్కి కూర్చున్నాడు. వాన చెమ్మకు జిగురు కరిగింది. లేవబోతే తోక రాలేదు. నలుగురూ పట్టి లాగితే వచ్చింది గానీ, బొచ్చంతా సింహాసనానికే ఉండిపోయింది.

మల్లి పీటను గుహలోకి తీసుకెళ్ళి అవ్వ చేతికి తగిలేలా పెట్టింది. అవ్వ విసుగ్గా తడిమింది. వేళ్ళు ఒక గాటు దగ్గర ఆగాయి.

"ఇది దుప్పి గౌరి. ఇవి ముంగిస కవలలు. ఈ వంకర గాటు... అడ్డం తిరిగి పుట్టి నన్ను ఏడిపించావే, మల్లీ!"

మల్లికి ఏడుపు ఆగలేదు.

వెనకాల తోక పట్టుకుని నిలబడ్డ గంతులయ్య, "అవ్వా, నాది ఉందా?" అన్నాడు మెల్లగా.

"ఎందుకు లేదురా? ఇదిగో, మొదటి వరుసలోనే."

గంతులయ్య తల దించుకున్నాడు. అరగదీసెయ్యమన్నది తన గాటును కూడానని అప్పుడు తెలిసింది.

అవ్వ పీట తీసుకుని లేచి, గుహ గుమ్మంలోకి వచ్చి కూర్చుంది. "వానలో పిల్లలు తడిసిపోతారు, ఒక్కొక్కరినీ ఇటు ఇవ్వండి. కళ్ళు లేకపోతేనేం, గోరుందిగా," అంటూ ఈ ఏటి మొదటి పిల్లను ఒళ్ళోకి తీసుకుని, అరవైనాలుగో గాటు పెట్టింది.

నీతి: పైపై మెరుగుల కానుక చెమ్మ తగిలే దాకే, గుర్తులు చెరపకుండా, ఓపికతో బాగుచేసి ఇచ్చినదే మనసుకు చేరుతుంది.