గట్టు తెగిన వృత్తాంతం

అనగా అనగా, మీ తాతలకు తాతలు కూడా పుట్టని కాలంలో, నల్లకొండ అడవిలో ఒక పెద్ద చెరువు ఉండేది. ఆ అడవిలో జరిగిన సంగతులన్నీ తాటాకుల మీద రాసి ఒక గుహలో దాచేవారు. రాసింది తప్పనిపిస్తే ఏ జంతువైనా వచ్చి, గీకేసి, దిద్దవచ్చు. మంచి ఆచారమే, దిద్దేవాళ్లు మంచివాళ్లయితే!

ఒక ఏడాది వానలకు చెరువు గట్టు తెగింది. గట్టు కింద ఉన్న కుందేళ్ల బొరియలన్నీ మునిగిపోయాయి.

దున్నలు గుహకు వచ్చి రాశాయి: "పందులు పగబట్టి గట్టు తవ్వాయి."

మర్నాడు పందులు వచ్చాయి. అది గీకేసి రాశాయి: "దున్నలు మదమెక్కి గట్టు తొక్కాయి."

ఇవి రాయడం, అవి గీకడం! ఏడాది తిరిగేసరికి పాపం ఆ ఆకు ఉల్లిపొరలా పల్చబడింది. గోల ఏనుగు రాజు చెవిన పడింది. "ఇరుపక్షాలకూ సమానంగా ఉండాలి" అని ఆయన తానే రాయించాడు: "గట్టును సగం దున్నలు, సగం పందులు తెంపాయి." తన తెలివికి తనకే ముచ్చటేసింది.

అప్పుడు చెంగి అనే తల్లి కుందేలు సభకు వచ్చింది.

"మహారాజా, తెగినచోట మట్టి పోశాం. ఎందుకు తెగిందో తెలియకపోతే మళ్లీ తెగుతుంది. దున్నల దారి మూయాలా, పందుల గుంటలు పూడ్చాలా? వానలకు పది రోజులే ఉన్నాయి, రెండూ చెయ్యలేం. పోయినసారి ఇద్దరు బిడ్డల్ని పోగొట్టుకున్నాను. ఇంకా నలుగురున్నారు" అని ఏడ్చింది.

రాజు సిగ్గుపడ్డాడు. చక్కగా రాస్తాడని పేరున్న ముళ్లన్న అనే ఏదుపందిని పిలిపించాడు.

"వాడి పేరులోనే పంది ఉంది! వాడెక్కడి మధ్యస్థుడు?" అని రంకె వేసింది పెద్ద దున్న.

"నా మాట నమ్మొద్దు మామా. నాతో గట్టు మీదికి రా. నువ్వూ చూసిందే రాస్తాను" అన్నాడు ముళ్లన్న. పెద్ద పందినీ వెంట తీసుకెళ్లాడు.

మొదట దున్నలు నడిచే దారి చూశారు. అది గట్టుకు అవతలి చివర ఉంది. అక్కడ నేల రాయిలా గట్టిగా ఉంది.

తరువాత తెగినచోటు చూశారు. దానికి రెండు పక్కలా తుంగగడ్డల కోసం తవ్విన గుంటలు, పందుల ముట్టె గుర్తులు ఉన్నాయి.

ఆపైన ముళ్లన్న ఒక్కడే ఒక గుంటలోకి వంగాడు. అక్కడ మట్టిలో సగం కూరుకుపోయిన పాత ఏదుపంది ముల్లు ఒకటి కనిపించింది. కాలితో కాస్త మన్ను కప్పితే చాలు, ఎవరికీ తెలియదు. కానీ అతను ముల్లు తీసి ఇద్దరికీ చూపించాడు.

"ఇది మా వాళ్లది. మేమూ తవ్వాం."

కొత్త ఆకు తీసుకుని ఇలా రాశాడు: "గడ్డల కోసం తవ్విన గుంటల వల్ల గట్టు తెగింది. తవ్వినవి పందులు, ఏదుపందులు. గుర్తులు ముగ్గురం చూశాం. పగతో తవ్వాయని దున్నలు అంటున్నాయి. దానికి సాక్షి లేదు. దున్నల దారి దగ్గర గట్టు చెక్కుచెదరలేదు."

"తప్పంతా ఒకవైపే పడిందే! సమానం కాలేదే?" అన్నాడు రాజు.

"మహారాజా, సమానంగా ఉండాల్సింది నా చూపు. జరిగింది సమానంగా జరగలేదు."

పెద్ద పంది గీకడానికి గుహకు వచ్చింది. ఆకు చదివింది. "వాడు తనవాళ్ల పేరు కూడా రాశాడు. ఇంకేం గీకను?" అని వెనక్కి తిరిగింది.

ఆ వారంలోనే పందులు, ఏదుపందులు గుంటలన్నీ పూడ్చాయి. దున్నలు వాటిని తొక్కి గట్టిపరిచాయి. కుండపోతగా వాన కురిసింది. గట్టు నిలిచింది. చెంగి పిల్లలు నలుగురూ పొడి బొరియలో హాయిగా నిద్రపోయారు. ఆ ఆకును మళ్లీ ఎవరూ గీకలేదు.

నీతి: తన తప్పుతో సహా ఉన్నది ఉన్నట్టు రాసినవాడి రాతే నిలుస్తుంది.